పెళ్లికూతుర్ని ఉన్న రంగులోనే ఉండనిద్దాం

(భిలాయి సెక్టర్ 4లో తెలుగు విద్యార్థులు, పరిశోధకులు కూర్చున్న ఒక సమావేశంలో స్థానిక పెళ్లి ఫోటోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం)



నేను యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని కాను. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పని. అందులోనూ నాకు ఎక్కువగా వచ్చే పని పెళ్లికూతురి ముస్తాబు ఫోటోలు. ఆ గదిలోకి మగ ఫోటోగ్రాఫర్‌ని రానివ్వరు కాబట్టి నన్ను పిలుస్తారు. మండపం దగ్గర తీసేవాళ్లు వేరే ఉంటారు. నలుగు పెట్టిన దగ్గర నుంచి బుగ్గచుక్క పెట్టి బయటికి తీసుకొచ్చేదాకా ఆ మూడు నాలుగు గంటలు నావి.

"మీ పని గురించి చెప్పండి" అన్నారు పిలిచినవాళ్లు. పని గురించే చెబుతాను. అయితే ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు ఉంది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు. ముందు దానితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం, ఇక్కడే, ఈ సెక్టర్ 4లోనే ఒక క్వార్టర్‌లో పెళ్లి. మనవాళ్లే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు కట్టడానికి వచ్చిన మాల కుటుంబం. పెళ్లికూతురు చదువుకుని ఉద్యోగం చేస్తున్న పిల్ల. చక్కటి నలుపు. నేను బ్యాగు దించుతుండగానే వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి అంది: "అమ్మా, మా గుంట కాస్త నలుపు. ఫోటోల్లో తెల్లగా రానీ. అటువాళ్లు ఆల్బమ్ ఊరంతా చూపించుకుంటారు." నేను "అలాగే పిన్నీ, చూసుకుంటాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. అప్పటికి ప్రతి పెళ్లికీ అలాగే చేస్తున్నాను మరి.

పెళ్లికూతురికి జడ వేసింది వాళ్ల నానమ్మ. మోచేతుల దాకా పచ్చబొట్లు. వేళ్లు వంకర్లు పోయాయి. పాత నేత చీర. ఆ చేతులతోనే పూలు గుచ్చి, సవరం కలిపి, జడ పట్టుగా అల్లింది. నేను ఆ ఫోటోలన్నీ తీశాను. తీసి, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పెళ్లికూతురి మొహం తెల్లగా చేశాను. నానమ్మ చేతులు కత్తిరించేశాను. ఆ చేతులు, ఆ చీర, వెనకాల పెచ్చులూడిన గోడ ఉంటే ఫోటో "క్లీన్"గా రాదనిపించింది. ఆల్బమ్ ఇచ్చాను, డబ్బులు తీసుకున్నాను. సీజన్ అయ్యాక హార్డ్ డిస్క్ ఖాళీ చేశాను.

రెండేళ్లకు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నానమ్మ పోయిందట. "అక్కా, ఆ రోజు నానమ్మ నాకు జడ వేస్తున్నప్పుడు తీశావు కదా, ఒరిజినల్స్ ఉన్నాయా?" అని అడిగింది. లేవు. ఆల్బమ్‌లో ఉన్నది తెల్లబడ్డ ఒక మొహం, ఎవరూ అల్లకుండానే అల్లుకున్న ఒక జడ. ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పర్లేదులే అక్కా" అని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజు నుంచి నా పని గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. చదవడం కూడా అప్పుడే మొదలైంది. ఇవాళ మీకు చెప్పబోయేది అలా చదివి, చూసి తెలుసుకున్నదే.

ముందు మన ఊరి సంగతి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఈ మధ్యలో దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వచ్చారు. విజయనగరం నుంచి రాయపూర్ వచ్చే రైలు మార్గం మనవాళ్లకు దారి చూపింది. మట్టి మోసినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు వచ్చారు. వాళ్లలో కొందరికి ప్లాంటులో పర్మనెంటు నౌకరీ దొరికింది, సెక్టర్లలో క్వార్టర్ వచ్చింది. మిగతావాళ్లు ఖుర్సీపార్ లాంటి బస్తీల్లో ఉండిపోయారు. ఇంగ్లండ్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ దశాబ్దాల పాటు ఈ ఊరికి వస్తూ పోతూ పరిశోధన చేసి 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పెద్ద పుస్తకం వేశారు. పర్మనెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య పెరుగుతూ వచ్చిన దూరమే ఆ పుస్తకంలో ముఖ్య విషయం. ఆ దూరం నాకు పెళ్లి గదుల్లో కనిపిస్తుంది. ఒక పెళ్లికూతురి గదిలో బీరువా, అద్దం, కూలర్ ఉంటాయి. ఇంకో పెళ్లికూతురు పక్కింటి అద్దం తెచ్చుకుంటుంది.

మా నానమ్మ పెళ్లికి ఫోటో లేదు. మా అమ్మ పెళ్లికి నాలుగు ఫోటోలు ఉన్నాయి. పవర్ హౌస్ దగ్గర ఒక స్టూడియో ఆయన వచ్చి తీశాడట. తలంబ్రాలు, తాళి, దండలు మార్చుకోవడం, చివర్లో ఇద్దరూ కుర్చీల్లో. రీలు ఖరీదు. ఒక రీలులో ముప్పై ఆరు ఫోటోలే. అందుకని ఆయన తాళి కట్టే వేళకే కెమెరా తెరిచాడు. అమ్మను ఎవరు ముస్తాబు చేశారు, ఎవరు నలుగు పెట్టారు, ఎవరు ఏడ్చారు, ఆ నాలుగు ఫోటోల్లో లేదు. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇలాగే ఉంటుంది. వెళ్లి చూడండి.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావచ్చు. కారంచేడు, చుండూరు చూసిన జాతికి, ఇవాళ్టికీ కులం పేరుతో చంపేస్తున్న దేశంలో, పెళ్లికూతురి సింగారం ఫోటో అంత పెద్ద విషయమా? సరైన ప్రశ్నే. దీనికి జవాబు బాబాసాహెబ్ రాతల్లోనే దొరికింది నాకు.

'కులనిర్మూలన' మీరందరూ చదివే ఉంటారు. 1936 నాటిది. అందులో ఆయన ఇండోర్ జిల్లా బలాయీల సంగతి రాస్తారు. 1928 జనవరి నాటి పత్రికా వార్తను ఆధారంగా చూపిస్తారు. కనారియా, బిచోలీ లాంటి గ్రామాల్లో పెద్ద కులాలవాళ్లు బలాయీలకు కొన్ని షరతులు పెట్టారు. మగవాళ్లు జరీ అంచు తలపాగా కట్టకూడదు. రంగు అంచు ధోవతి కట్టకూడదు. ఆడవాళ్లు బంగారం, వెండి నగలు పెట్టుకోకూడదు. మంచి రవికెలు, పావడాలు వేసుకోకూడదు. అదే జాబితాలో ఇంకో షరతు కూడా ఉంది: హిందువుల పెళ్లి ఊరేగింపుల ముందు బలాయీలు వాయిద్యం వాయించాలి. అంటే వాళ్ల పెళ్లికి మనం వాయించాలి, మన పెళ్లికి మనం ముస్తాబు కాకూడదు. ఇదేదో దూరదేశం కథ కాదు. 2000 సంవత్సరం దాకా మన ఛత్తీస్‌గఢ్ కలిసి ఉన్న మధ్యప్రదేశ్‌లోనిదే ఇండోర్.

దక్షిణాదిలో కూడా అంతే. 1931 జనాభా లెక్కల కమిషనర్‌గా పనిచేసిన హట్టన్ తన కులం పుస్తకంలో రామనాథపురం జిల్లా సంగతి రాశాడు. 1930 డిసెంబరులో అక్కడి కళ్లర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది ఆంక్షలు పెట్టారు. బంగారం, వెండి పెట్టుకోకూడదు. ఆడవాళ్లు ఒంటి పైభాగం కప్పుకోకూడదు. పూలు పెట్టుకోకూడదు. పసుపు ముద్ద కూడా రాసుకోకూడదు.

పూలు, పసుపు, రవికె, బంగారం. నేను రోజూ పెళ్లికూతురి గదిలో చూసే వస్తువులు ఇవి. ఈ నాలుగూ ఆ జాబితాలో ఉన్నాయి. వేరేవాళ్ల ఇంట్లో ముస్తాబు ఫోటో అంటే ముచ్చట. మన ఇంట్లో అది, మనకు వద్దన్న వస్తువులు మన ఒంటి మీదకు వచ్చిన రికార్డు. దళిత పెళ్లికొడుకు గుర్రం ఎక్కితే వార్త అవుతుంది. 2018 జులైలో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో పోలీసు బందోబస్తు మధ్య బరాత్ నడిచింది, దేశమంతా చూసింది. గుర్రం వీధిలో ఉంటుంది కాబట్టి కనపడుతుంది. పెళ్లికూతురి పూలజడ గదిలో ఉంటుంది, అక్కడ విలేకరి ఉండడు. ఉన్నది నేనే, నా కెమెరానే.

ఇంకో సంగతి కూడా ఉంది. 1927 డిసెంబరు చివర్లో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభ తర్వాత బాబాసాహెబ్ స్త్రీలతో విడిగా మాట్లాడారు. చీర కట్టు గురించి, నగల గురించి మాట్లాడారు. మీ చీర కట్టు, మోచేతుల దాకా వేసుకునే కడియాలు, మెడలో బరువైన పేర్లు మీరు ఎవరో చూడగానే చెప్పేస్తున్నాయి, అవి మానండి అన్నారు. వెంటనే అక్కడి స్త్రీలు చీర కట్టు మార్చి, పాదాల దాకా కట్టుకున్నారు. అంత పెద్ద పోరాటం మధ్యలో ఆయన చీర కుచ్చెళ్ల గురించి మాట్లాడటానికి టైము తీసుకున్నారంటే అది చిన్న విషయమని ఎలా అనుకుంటాం?

ఇక కెమెరా సంగతి. మన మీద కెమెరా మొదట ఎలా వచ్చింది?

తెలుగు నేల మీదే రెండు కెమెరాలు పనిచేశాయి. ఒకటి హైదరాబాద్‌లో. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ మగవాళ్లెవరూ లేకుండా మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ ఫోటోలు తీసేది. గొప్పింటి ఆడవాళ్లు తమకు నచ్చిన బట్టలు, నగలు వేసుకుని, నచ్చినట్టు కూర్చుని, ఆడమనిషి చేత ఫోటో తీయించుకున్నారు. కెమెరా వాళ్ల మానాన్ని కాపాడుతూ పనిచేసింది.

రెండోది మద్రాసు మ్యూజియం కెమెరా. అదే కాలంలో ఆ మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు, కెమెరా పట్టుకుని దక్షిణాది ఊళ్లు తిరిగాడు. ముక్కు పొడుగెంత, వెడల్పెంత, తల చుట్టుకొలత ఎంత. 1909లో ఏడు సంపుటాలుగా 'దక్షిణ భారత కులాలు, తెగలు' అచ్చయింది. మాల, మాదిగ అని మన గురించి కూడా అందులో అధ్యాయాలు ఉన్నాయి. వాయనాడులో పణియ స్త్రీలు, తమలో మంచి నమూనాల్ని ఎంచి, చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడేమోనని భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు అది నవ్వు తెప్పించింది. ఆ ఆడవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఫోటో తీసేవాడు నిన్ను మనిషిగా చూడటం లేదని నీకు తెలిసిపోతుంది. అంతే.

ఆ ముక్కు కొలతల్నే బాబాసాహెబ్ తర్వాత తిప్పికొట్టారు. 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకంలో ఆ లెక్కలే తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరువేరు జాతులన్న సిద్ధాంతం నిలబడదని చూపించారు. మన మీద వాడిన పరికరాన్ని మనం కూడా వాడొచ్చు, దానితో మన మాట చెప్పొచ్చు. నేను కెమెరాను అలాగే చూడటం నేర్చుకున్నాను.

కానీ పరికరంలోనే ఒక పక్షపాతం ఉంది. అది మీకు టెక్నికల్‌గా చెబుతాను, ఓపిక పట్టండి.

కలర్ ఫిల్మ్ కాలంలో ప్రింట్లలో రంగులు సరిచూడటానికి కోడాక్ కంపెనీ ల్యాబ్‌లకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లటి అమ్మాయి ఫోటో. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. ఆ అమ్మాయి ఒంటి రంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద వ్యాసం రాశారు. ఆ ఫిల్మ్‌లో నల్ల మొహాలు సరిగా రాకపోయినా కంపెనీ చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు ముదురు రంగులు ఫోటోలో తేడా తెలియడం లేదని ఫిర్యాదు చేశాకే గోధుమ రంగుల సంగతి చూశారని ఆమె రాశారు. మనుషుల కోసం మారనిది చాక్లెట్ కోసం మారింది.

ఇప్పుడు డిజిటల్. ఇప్పుడు కూడా కెమెరాలోని మీటర్‌కు మీరెవరో తెలియదు. ముందున్నదంతా కలిపి సగటున ఒక మధ్యస్థ బూడిద రంగు అని అనుకుని వెలుతురు లెక్క వేస్తుంది. నల్లటి పిల్ల తెల్లటి గోడ ముందో, వెలుగొచ్చే కిటికీ ముందో కూర్చుంటే మీటర్ ఆ వెలుగు చూసి తగ్గించేస్తుంది, మొహం చీకటి అవుతుంది. అదే పిల్ల ముదురు ఎరుపు చీరలో ఫ్రేమంతా నిండితే ఎక్కువ చేసేస్తుంది, మొహం వెలిసిపోతుంది. చీకటైన మొహాన్ని తర్వాత కంప్యూటర్‌లో లాగితే బూడిద పూసినట్టు వస్తుంది. అప్పుడు అందరూ ఏమంటారు? "పిల్ల నలుపు కదా, ఫోటోలో బాగా రాదు" అంటారు. పిల్ల బాగానే ఉంది. లెక్క తప్పింది. తప్పు లెక్క వేసినవాడిది.

నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, ముందు ట్యూబ్‌లైటు ఆర్పేస్తాను. దాని పచ్చటి వెలుగు, కిటికీ వెలుగు కలిస్తే ఒంటి రంగు పాడవుతుంది. పెళ్లికూతుర్ని కిటికీకి ఎదురుగా కాక పక్కవాటుగా కూర్చోబెడతాను. క్వార్టర్లలో కిటికీలు చిన్నవి, అందుకని అటువైపు ఒక తెల్ల దుప్పటి పట్టుకోమని చెల్లెల్నో పిన్నినో అడుగుతాను. మీటర్‌ను మొత్తం ఫ్రేము మీద కాకుండా ఆమె చెంప మీద పెడతాను. నల్లటి చర్మం వెలుతురుని మెరుపుగా తిప్పి పంపుతుంది. అందుకని చిన్న ఫ్లాష్ సూటిగా కొడితే మచ్చలు మచ్చలుగా వస్తుంది, పెద్ద మెత్తటి వెలుతురు పడితే చెంప ఎముక, ముక్కు గీత, పెదవుల వంపు అన్నీ కనపడతాయి. నలుగు పెట్టి స్నానం చేయించాక, మేకప్‌కు ముందు, ఒంటి మీద ఇంకా పసుపు మిగిలి ఉన్నప్పుడు తీసిన ఫోటోని మించింది నేను చూడలేదు. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో కాబట్టి కిటికీ వెలుతురు ఉండని రోజులు కూడా ఉంటాయి. అప్పుడు ఫ్లాష్‌ను తెల్ల గోడకు తిప్పి కొడతాను. దీనికి ఖరీదైన లెన్స్ అక్కర్లేదు. నల్ల మొహం కూడా సరిగ్గా రావాల్సిన మొహమే అని ముందు అనుకోవాలి.

ఇదంతా నాకు ముందు తెలియదా? సగం తెలుసు. తెలిసి కూడా తెల్లగా చేశాను. ఎందుకంటే మార్కెట్ అదే అడుగుతుంది. మన దేశంలో అందరికీ తెలిసిన ఒక తెల్లబడే క్రీము 1975లో మార్కెట్‌లోకి వచ్చింది. 2020లో విమర్శలు వచ్చాక పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. పేరు మారింది గానీ పెళ్లి మేకప్ పెట్టెలో షేడ్లు మారలేదు. బ్యూటీషియన్ తెచ్చే ఫౌండేషన్ రెండు మెట్లు తెల్లగానే ఉంటుంది. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు. ఆ తేడా దాచడానికి నేను కంప్యూటర్‌లో చేతులు కూడా తెల్లగా చేయాలి. ఒక అబద్ధం కోసం ఇంకో అబద్ధం. ఇప్పుడు ఫోన్లలో ఆ పని అడగకుండానే జరిగిపోతోంది. 2021లో గూగుల్ తన ఫోన్‌లో అన్ని ఒంటి రంగులూ సరిగ్గా రావాలని మార్పులు చేశామని ప్రకటించింది. అంటే అంతకుముందు వాటికి న్యాయం జరగలేదని ఒప్పుకున్నట్టే కదా.

రంగు ఒక్కటే కాదు, గది కూడా. ఈ మధ్య ప్యాకేజీలో 'గెటింగ్ రెడీ షూట్' అని ఒక వరస ఉంటుంది. పెళ్లికూతుర్ని హోటల్ గదికి తీసుకెళ్లాలి. తెల్ల పరుపు, పెద్ద అద్దం, హ్యాంగర్‌కు చీర. అక్కడ అమ్మ ఉండదు, పిన్ని ఉండదు, నానమ్మ అసలు ఉండదు. జడ బ్యూటీషియన్ వేస్తుంది. ఆ ఫోటోలు చూస్తే ఆ పిల్ల ఏ ఊరిదో, ఎవరి బిడ్డో, ఎవరు కష్టపడి ఆ రోజు దాకా తెచ్చారో తెలియదు. చాలామంది అదే కావాలంటారు. మా అమ్మ ప్లాంటులో కాంట్రాక్టు స్వీపర్ అని ఫోటోలో తెలియకూడదు అని ఒక పెళ్లికూతురు నాతో అంది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. మనల్ని గదిని బట్టి, చేతుల్ని బట్టి కొలిచే లోకంలో గదిని దాచుకోవాలనిపిస్తుంది. కానీ ఫోటోగ్రాఫర్‌గా నేను దాచడంలో చెయ్యి కలుపుతున్నానా లేదా అన్నది నా ప్రశ్న. అప్పుడు పూలూ బంగారమూ వద్దన్నారు. ఇప్పుడు పూలూ బంగారమూ ఉండనిచ్చి రంగునీ, గదినీ, తల్లి చేతుల్నీ తీసేయమంటున్నారు. ఈసారి ఆ షరతు ఎవరో పెద్దకులం వాడొచ్చి పెట్టక్కర్లేదు. మన నోటితో మనమే అడుగుతున్నాం, నా లాంటిది డబ్బు తీసుకుని అమలు చేస్తోంది.

ఇక్కడ మీరు నన్ను ఇంకో ప్రశ్న అడగొచ్చు. ఈ పసుపు, ఈ తాళి, ఈ ముహూర్తం, ఇదంతా బ్రాహ్మణీయ పెళ్లి కాదా? దీన్ని ఫోటో తీసి గొప్ప చేయడం ఏంటి? ఫూలే దంపతులు 1873లోనే పురోహితుడు లేకుండా సత్యశోధక పెళ్లిళ్లు మొదలుపెట్టారు. బాబాసాహెబ్ 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో తమ ఇంట్లో సవితాదేవిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. ఈ ప్రశ్న నేనూ వేసుకున్నాను. నా అనుభవం చెబుతాను. మన భిలాయిలో నేను మూడు రకాల మన పెళ్లికూతుళ్లను తీశాను. పసుపు నలుగుతో తయారయ్యే పిల్ల, చర్చి పెళ్లికి తెల్ల చీర, తెల్ల ముసుగు వేసుకునే పిల్ల, బుద్ధుడి ముందు, బాబాసాహెబ్ ముందు నిలబడటానికి తెల్ల చీర కట్టుకునే పిల్ల. మూడు గదుల్లోనూ తెల్ల ఫౌండేషన్ ఉంది. పెళ్లి పద్ధతి మారింది గానీ రంగు మీద సిగ్గు మారలేదు. పద్ధతి ఎలా ఉండాలో ఆ కుటుంబం, ముఖ్యంగా ఆ పిల్ల తేల్చుకోవాలి. నా పని ఆమెకు పాఠం చెప్పడం కాదు. ఆమెను ఆమెలా చూపించడం వరకే నా పని. బాబాసాహెబ్, రమాబాయిల పెళ్లి బైకుల్లా మార్కెట్ షెడ్డులో రాత్రిపూట జరిగిందని జీవితచరిత్రలో చదువుకుంటాం. వరుడి వైపు వివరాలు మనకు చాలా తెలుసు. చిన్న పిల్లగా ఆ రాత్రి అక్కడికి వచ్చిన రమాబాయి వైపు నుంచి కూడా ఒక దృశ్యం ఉండి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు.

ఇంకో ముఖ్యమైన విషయం, సమ్మతి. ముస్తాబు గదిలో పెళ్లికూతురు సగం బట్టల్లో ఉంటుంది. ఏడుస్తుంది. భయపడుతుంది. డబ్బులిచ్చేది తండ్రి, లేదా అటువాళ్లు. కెమెరా ముందున్నది ఆమె. మన ఆడవాళ్ల ఒంటిని అడక్కుండా చూసే హక్కు ఉందనుకున్న చరిత్ర మనది. అందుకే నేను ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాను. గదిలోకి వెళ్లగానే పెళ్లికూతుర్నే అడుగుతాను, ఎప్పుడు తీయాలి, ఎప్పుడు కెమెరా దించాలి అని. రవికె వేసుకునేదాకా కెమెరా బ్యాగులోనే ఉంటుంది. వెనక తెర మీద ఫోటోలు ఆమెకు అక్కడే చూపిస్తాను, వద్దన్నవి ఆమె ముందే తీసేస్తాను. ఆమె ఒప్పుకోకుండా నా ప్రచారానికి ఎక్కడా పెట్టను. ఎడిటింగ్‌లో వెలుతురు సరిచేస్తాను, రంగు మార్చను. ఒరిజినల్స్ పెన్‌డ్రైవ్‌లో ఆమె చేతికే ఇస్తాను, ఇంకెవరి చేతికీ కాదు. దీనివల్ల నాకు కొన్ని పెళ్లిళ్లు పోయాయి. "తెల్లగా చేయవా, అయితే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్న ఇళ్లున్నాయి. కొన్నిసార్లు తల్లి ఆల్బమ్ తల్లికి కావాల్సినట్టు కొంచెం వెలుగు పెంచి ఇచ్చి, పిల్లకు ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను. గట్టిగా నిలబడలేకపోయాను. అది కూడా చెప్పాలి కదా.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మీరు పరిశోధకులు. మనకు కాగితాలు తక్కువ. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఎస్సీ హోదా సొంత రాష్ట్రానికి సంబంధించిందే గానీ వలస వెళ్లిన రాష్ట్రానికి దానంతటదే వెంట రాదని చెప్పింది. కుల సర్టిఫికెట్ కోసం 1950 నాటి కాగితాలు తెమ్మంటే మన తాతలు తట్ట మోసిన నేల తప్ప ఏం చూపిస్తాం? ఆఫీసులో పెళ్లి ఫోటో కాగితంగా చెల్లదు. కానీ చరిత్ర రాసేవాళ్లకు చెల్లుతుంది. మా తరం దగ్గర నీళ్లు తగిలి అంటుకుపోయిన ఆల్బమ్‌లు ఉన్నాయి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం కట్టుకున్నారు, ఎవరు ఎవరికి జడ వేశారు, ఏ క్వార్టర్ గోడ ముందు నిలబడ్డారు, అంతా వాటిలో ఉంది.

మిమ్మల్ని అడిగేది రెండే. ఒకటి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పాత ఫోటోలు తీసి, ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయండి. మరకలు తుడవకండి, రంగు పెంచకండి. వెనకవైపు పేర్లు రాయండి. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు మాత్రమే కాదు. పక్కన సగం కనపడే చెయ్యి ఎవరిదో అమ్మనో అత్తనో అడిగి రాయండి. ఇప్పుడు అడగకపోతే చెప్పేవాళ్లు ఉండరు. రెండోది, మీ ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు ఫోటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి: మా పిల్ల రంగు మార్చొద్దు, మా ఇంట్లో వాళ్లను కత్తిరించొద్దు అని. మీరు చెబితే నా లాంటివాళ్లకు ధైర్యం వస్తుంది. కొనేవాళ్లు అడిగితే అమ్మేవాళ్లు మారతారు.

ఆ అమ్మాయికి నేను ఆ ఫోటో తిరిగి ఇవ్వలేను. పోయిన ఏడాది వాళ్ల చెల్లెలి పెళ్లికి నన్నే పిలిచారు. పిలుస్తారనుకోలేదు. ఈసారి జడ వేసింది వాళ్లమ్మ, అప్పుడు నన్ను పక్కకు పిలిచిన పిన్నే. నేను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. తెల్ల దుప్పటి పట్టుకుంది అక్క. ఫోటో వెనక తెర మీద చూపిస్తే పిన్ని చాలాసేపు చూసింది. "నా చేతులు మా అత్త చేతుల్లా అయిపోయాయేటి" అంది. ఆ చేతులు కత్తిరించలేదు. ఆ ఫైలు నా దగ్గర రెండు చోట్ల ఉంది, వాళ్ల దగ్గర ఒకటి ఉంది.

 జై భీమ్.